ఓబీ డంపు కడుపులో నీళ్లు: రెండు వానాకాలాల కొలతల డైరీ

ఊరి పేరు, గని పేరు రాయడం లేదు. గోదావరి లోయ బొగ్గు పట్టీలో, తవ్వకం ఆగిపోయిన ఒక ఓపెన్‌కాస్ట్ గని పక్కనున్న ఓబీ (ఓవర్‌బర్డెన్) డంపు ఇది. బొగ్గు మీదున్న ఇసుకరాయి, షేల్ (పొరలుగా ఉండే మట్టిరాయి), బంకమట్టి తవ్వి పోసిన గుట్ట. పోయడం 2011లో ఆగింది. తర్వాత పైన నల్లమట్టి పరిచి సుబాబుల్, కానుగ, వెదురు నాటారు. దూరం నుంచి చూస్తే అడవి గుట్టలాగే ఉంటుంది. కింద పత్తి చేన్లు, ఒక పశువుల కొట్టం, ఊరికి పోయే బండ్ల బాట ఉన్నాయి.

నేను 28 ఏళ్లు గని సర్వేయర్‌గా చేశాను. ఇప్పుడు మైనింగ్ డిప్లొమా పిల్లలకు సర్వే చెబుతున్నాను. అందులో ఇద్దరు పిల్లలు, కింద చేనున్న ఒక పెద్దాయన, నేను కలిసి రెండు వానాకాలాలు ఈ డంపును కొలిచాం. యాజమాన్యం అనుమతి రాతపూర్వకంగా తీసుకున్నాం. అనుమతి లేకుండా డంపు ఎక్కి ఎవరూ ఈ పని చేయవద్దు.

## డంపు కొలతలు

ఎత్తు 55 మీటర్లు. రెండు మెట్లు: కిందిది 28, పైది 27. మధ్యలో బెంచ్ (రెండు మెట్ల మధ్య చదును) వెడల్పు సుమారు 20 మీటర్లు. టో (గుట్ట కింది అంచు) నుంచి పై అంచు దాకా అడ్డంగా 133 మీటర్లు. మొత్తం వాలు 22.5 డిగ్రీలు, ఒక్కో ముఖం 26 డిగ్రీలు.

కోల్ మైన్స్ రెగ్యులేషన్స్ 2017 ప్రకారం ఒక మెట్టు 30 మీటర్లు దాటకూడదు, మొత్తం వాలు 1:1.5 మించకూడదు. అంటే దాదాపు 33.7 డిగ్రీలు. ఆ లెక్కలో ఈ డంపు చాలా చదునైనది. కాగితం మీద దీనికి వంక పెట్టలేం.

అయినా 2023 జూలై వానలకు కింది మెట్టులో ఒక పెద్ద గండి పడింది. ఆ నెలలోనే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మి.మీ. వాన పడింది. అలాంటి వాన ఈ గుట్ట మీద పడితే లోపల ఏం జరుగుతుందో ఎవరి దగ్గరా ఒక్క అంకె లేదు. అందుకే కొలత మొదలైంది.

## దశ 1: రోహిణి, మృగశిర (2024 మే 27 – జూన్ 20)

పెట్టినవి:

1. పీ-1, లోపలి నీటిమట్టం చూసే పైపు: బెంచ్ మీద బోరు బండితో 24 మీటర్ల రంధ్రం. అందులో రెండంగుళాల పీవీసీ పైపు. 3 మీటర్ల లోతు నుంచి అడుగు దాకా రంపంతో గాట్లు, చుట్టూ జల్లించిన ఇసుక.
2. గుట్ట కదలిక చూడడానికి పెగ్గులు 14: 60 సెం.మీ. ఇనుప కడ్డీలు, తలకాయ చుట్టూ కాంక్రీటు.
3. వానమాపకం ఒకటి, టో దగ్గర చెట్లకు దూరంగా. వాతావరణ శాఖ లాగే రోజూ ఉదయం 8.30కి రీడింగ్.
4. నీటిమట్టం చూసే తీగ: రెండు తీగల కేబుల్, చివర బరువు, పైన మల్టీమీటర్. నీళ్లు తగిలితే ముల్లు కదులుతుంది. కేబుల్ మీద ప్రతి 10 సెం.మీ.కి గుర్తు, మధ్య దూరానికి టేపు.

బోరు వేసేటప్పుడు నీళ్లు పోయవద్దని మేస్త్రీకి ముందే చెప్పాను. మనం పోసిన నీళ్లే తర్వాత మన రీడింగును పాడు చేస్తాయి. డంపులో బోలు సందులు ఎక్కువ కాబట్టి గాలి అందులోకి పోయి చెత్త పైకి రాలేదు. కేసింగ్ దించుకుంటూ వేయాల్సి వచ్చింది. ఒక్క పూట పని రెండు రోజులు పట్టింది.

జూన్ 20 నాటికి పీ-1లో నీళ్లు లేవు. పుస్తకంలో ‘డ్రై’ అని రాశాం. ఆ మాట నన్ను ఐదు వారాలు తప్పుదారి పట్టించింది.

ఇప్పటిదాకా: రంధ్రాలు 1, పెగ్గులు 14, ఖర్చు రూ. 43,200. ఇందులో పీ-1కి 34,200, పెగ్గులకు 6,300, వానమాపకానికి 1,800, తీగకు 900.

## దశ 2: ఆరుద్ర, పునర్వసు (జూన్ 22 – జూలై 19)

పెగ్గులు మోసం చేశాయి. జూన్ చివరి వానలకు 14లో 9 పెగ్గులు పైకి లేచాయి, ఒకటైతే 14 మి.మీ. గుట్ట పైకి లేవదు కదా. మొక్కల కోసం పరిచిన నల్లరేగడి వాన తాగి ఉబ్బింది, పెగ్గును ఎత్తింది. జూలైలో పది రోజులు ఎండ కాయగానే అవే పెగ్గులు దిగాయి. మేం కొలిచింది గుట్ట కదలిక కాదు, పైమట్టి ఊపిరి.

టేపు కూడా మోసం చేసింది. బెంచ్‌కు అడ్డంగా 30 మీటర్ల గీత ఒకటి పెట్టుకున్నాం. ఉదయానికి, మధ్యాహ్నానికి 7 మి.మీ. తేడా వస్తోంది. పిల్లలు కంగారుపడి రాత్రి నాకు ఫోన్ చేశారు. స్టీలు టేపు ఒక డిగ్రీకి మీటరుకు 0.012 మి.మీ. సాగుతుంది. ఎండలో టేపు 20 డిగ్రీలు వేడెక్కితే 30 మీటర్లకు 7.2 మి.మీ. ఆ తేడా మొత్తం టేపుదే. అప్పటి నుంచి అన్ని టేపు కొలతలూ ఉదయం 7 గంటలకే తీశాం, స్ప్రింగు కాటాతో ఒకే లాగుడు ఇచ్చాం.

మూడో తప్పు పూర్తిగా నాది. ఎత్తులకు ఆధారంగా తీసుకున్న బెంచ్‌మార్క్ డంపు మీదున్న వాచ్‌మన్ గది మెట్టు. గదితో పాటు మెట్టూ దిగుతోంది. దాన్ని వదిలేసి, 300 మీటర్ల దూరంలో నేలరాయి మీద కట్టిన కల్వర్టు గోడకు ఆధారం మార్చాం. పాత ఎత్తులన్నీ కొట్టేశాం, 112 రీడింగులు పోయాయి.

పెగ్గు మార్చిన పద్ధతి:

1. మీటరున్నర లోతు గుంత. నల్లమట్టి దాటి, కింద గట్టి ఓబీలోకి దిగాలి.
2. అడుగున 30 సెం.మీ. కాంక్రీటు, అందులో 16 మి.మీ. కడ్డీ.
3. కడ్డీ చుట్టూ పీవీసీ గొట్టం. గొట్టానికి, కడ్డీకి మధ్య ఖాళీ వదలాలి. పైమట్టి గొట్టాన్ని ఎత్తినా కడ్డీ కదలదు.
4. కడ్డీ తల మీద పంచ్ గుర్తు, పైన మూత.

పది పెగ్గులు ఇలా మార్చాం. ఒక్కోటి రూ. 740.

శాటిలైట్ రాడార్ గురించి అడిగేవాళ్లుంటారు కాబట్టి రెండు ముక్కలు. సెంటినెల్-1 డేటా ఉచితమే, ఒక పిల్లవాడు నెల రోజులు కూర్చుని చూశాడు. దాని తరంగం పొడవు 5.6 సెం.మీ. సుబాబుల్ ఆకులు దాటి నేలను నమ్మకంగా చూడలేకపోయింది. చెట్లు లేని కొత్త డంపు మీదైతే ప్రయత్నించండి.

జూలై 14న పెద్దాయన టో దగ్గర నిలబడి పిలిచాడు. గడ్డిలో కాలు పెడితే చీలమండ దాకా బురద. పైన పీ-1 మాత్రం డ్రై. ‘కాకా, ఈ నీళ్లు ఎక్కడివి?’ అన్నాను.

‘గా గుట్ట కింద ఒర్రె ఉండె సారూ. మా నాయిన ఎడ్లకు నీళ్లు తాపేటోడు. మట్టి పోసినంక మాయమైంది.’

గ్రామ నక్షా తెప్పించి చూశాను. ఒర్రె గీత సరిగ్గా డంపు కింద నుంచే పోతోంది. 1966 అక్టోబరు 21న వేల్స్‌లోని అబెర్‌ఫాన్‌లో బొగ్గు గని వ్యర్థాల దిబ్బ జారి బడి మీద పడింది. 144 మంది పోయారు, అందులో 116 మంది పిల్లలు. ఆ ఏడో నంబరు దిబ్బను ఊటల మీద పోశారు, ఆ ఊటలు మ్యాపుల్లో ఉన్నాయి. క్లాసులో ఏటా ఈ సంగతి చెప్పే నేను, బోరు వేసే ముందు నక్షా చూడలేదు. మీరు మొదట నక్షా చూడండి, తర్వాతే బోరు బండిని పిలవండి.

ఇప్పటిదాకా: రంధ్రాలు 1, పనికొచ్చే పెగ్గులు 10, వాన 236 మి.మీ., ఖర్చు రూ. 50,600.

## దశ 3: పుష్యమి (జూలై 20 – ఆగస్టు 8)

పీ-1 ఎందుకు డ్రై? ఆ పైపుకు 3 నుంచి 24 మీటర్ల దాకా గాట్లున్నాయి, చుట్టూ ఇసుక ఉంది. మధ్యలో ఏ పొర మీద నీళ్లు నిలిచినా ఇసుక గుండా కిందికి జారి, అడుగున పెద్ద రాళ్ల సందుల్లో కలిసిపోతాయి. నేను పెట్టింది కొలిచే పైపు కాదు, నీళ్లు దింపే కాలువ.

ఈసారి కింది వాలు మధ్యలో, పాత డోజర్ దారి మీద, రెండు మీటర్ల ఎడంలో రెండు రంధ్రాలు. ముందు లోతుది వేశాం, పేరు పీ-2బీ. 6 మీటర్ల దగ్గర పొడి రాళ్లు ఆగిపోయి, బూడిదరంగు జిగట ముద్ద వచ్చింది. మందం 35 సెం.మీ. పాత రికార్డులు తిరగేస్తే అర్థమైంది. 2009లో ఈ వాలును ఒకసారి చదును చేసి వదిలేశారు. రెండు వానాకాలాలు షేల్ నాని, ఎండి, మళ్లీ నాని పిండి అయింది. 2011లో దాని మీదే మరో 6 మీటర్లు పోశారు. నీళ్లు దిగని ఆ పాత చర్మం లోపల అలాగే ఉంది, వాలుకు సమాంతరంగా.

అందుకే పీ-2ఏను సరిగ్గా 6 మీటర్ల దగ్గర ఆపాం. జిగట పొరను గుచ్చలేదు. చివరి ఒక్క మీటరుకే గాట్లు.

అదీ మొదటిసారి చెడిపోయింది. జూలై 25న 30 మి.మీ. వాన పడిన 20 నిమిషాలకే పైపులో మట్టం 60 సెం.మీ. లేచింది. ఆరు మీటర్ల మట్టిలోంచి నీళ్లు 20 నిమిషాల్లో దిగవు. ఈసీ మీటర్ (నీళ్లలో కరిగిన లవణాలను బట్టి కరెంటు ఎంత పారుతుందో చూపేది) ముంచి చూశాం: పైపులో 190, టో దగ్గర ఊటలో 2,150 మైక్రోసీమెన్స్. పైపులోది అచ్చం వాననీరు. వాననీరు పైపు పక్క నుంచి దిగకుండా మూతగా వేసే బెంటోనైట్ (నీళ్లు తగిలితే ఉబ్బే బంకమట్టి) పొడిని పైనుంచి పోసినప్పుడు తడి గోడలకు అంటుకుని మధ్యలోనే గడ్డకట్టింది. కింద మూత పడలేదు. వాననీరు పైపు పక్క నుంచి నేరుగా దిగింది.

ఆ రంధ్రాన్ని సిమెంటు, బెంటోనైట్ ముద్దతో పూడ్చి, మీటరున్నర అవతల కొత్తది వేశాం. మూత పద్ధతి:

1. ఎర్తింగ్ గుంతలకు అమ్మే బెంటోనైట్ కొనండి. తక్కువ నీళ్లతో పిసికి గోలీకాయంత ఉండలు చేసి నీడలో ఎండబెట్టండి.
2. ఇసుక పోశాక టేపుతో లోతు చూడండి. రాసుకోండి.
3. ఉండలు ఒక్కొక్కటే వేయండి. ప్రతి 20 సెం.మీ.కి పొడవాటి కడ్డీతో నొక్కి మళ్లీ లోతు చూడండి.
4. మీటరు మందం మూత. మీద గ్రౌట్ (సిమెంటు, బెంటోనైట్ ముద్ద). నేలపైన చిన్న గట్టు.
5. మొదటి వాన తర్వాత పైపు నీటి ఈసీ చూడండి. వాననీటిలా ఉంటే మూత కారుతోంది.

కాలేజీ ల్యాబ్ నుంచి ప్రెజర్ లాగర్ (ఒత్తిడిని తనంతట తానే రాసుకునే పరికరం) ఒకటి అడిగి తెచ్చి పీ-2ఏలో వేలాడదీశాం. దానికి గాలి గొట్టం లేదు, నీటి బరువుతో పాటు గాలి ఒత్తిడినీ కలిపి రాస్తుంది. ఒక హెక్టాపాస్కల్ గాలి ఒత్తిడి ఒక సెం.మీ. నీటికి దాదాపు సమానం. వాయుగుండం వచ్చినప్పుడు ఒత్తిడి పడిపోతుంది, అంటే సరిగ్గా పెద్ద వాన రోజునే లాగర్ మట్టాన్ని తక్కువ చూపిస్తుంది. రూ. 400లో బీఎంపీ280 సెన్సార్, చిన్న బోర్డు కొని, వాచ్‌మన్ గదిలో పెట్టి గంటకోసారి గాలి ఒత్తిడి రాయించాం. లాగర్ అంకెలోంచి దాన్ని తీసేస్తే తీగతో చూసిన మట్టానికి 1 సెం.మీ. తేడాలో సరిపోయింది.

ఇప్పటిదాకా: రంధ్రాలు 4, పనిచేసేవి 2, వాన 471 మి.మీ., ఖర్చు రూ. 1,04,300.

## లెక్క, ఒక్కసారి

జిగట పొర నమూనాను మట్టి బలం పరీక్షించే కాలేజీ షియర్ బాక్స్‌లో తడిపి పరీక్షిస్తే ఘర్షణ కోణం 30 డిగ్రీలు వచ్చింది. అతుకుదనం సున్నా అనుకున్నాం. మట్టి బరువు ఘనమీటరుకు 19 కిలోన్యూటన్లు, పొర లోతు 6 మీటర్లు, వాలు 26 డిగ్రీలు. పొర మీద నీళ్లు లేకపోతే భద్రతా గుణకం (నిలబెట్టే బలం జారించే బలానికి ఎన్ని రెట్లో చెప్పే అంకె) 1.18. పీ-2ఏలో పొర మీద నీళ్లు 0.7 మీటర్లుంటే 1.10. 1.4 మీటర్లయితే 1.01. ఒకటి దగ్గరికి వస్తే వాలు జారడానికి సిద్ధంగా ఉన్నట్టే.

ఇది పొడవాటి వాలుకు వేసే సులువైన లెక్క. అంచుల దగ్గర కొంత బలం దీనికి అందదు. కానీ ఏ అంకె చూసి ఊరివాళ్లను లేపాలో చెప్పడానికి పనికొచ్చింది. మేం 1.0 మీటరును హెచ్చరిక గీతగా గోడ మీద రాసుకున్నాం.

చెట్లు పట్టుకుంటాయి కదా అని చాలామంది అడిగారు. మేం తవ్విచూసిన చోట సుబాబుల్ వేళ్లు మీటరున్నర దాటలేదు. మన పొర ఆరు మీటర్ల కింద ఉంది. చెట్లు పైమట్టి కొట్టుకుపోకుండా కాపాడతాయి. లోతు జారుడుకు వాటిని నమ్ముకోకూడదు, పైగా నెర్రెలను అవి కప్పేస్తాయి.

## దశ 4: ఆశ్లేష, మఖ, పుబ్బ (ఆగస్టు 9 – సెప్టెంబరు 10)

ఆగస్టు 9. బెంచ్ బయటి అంచుకు 3 మీటర్ల లోపల, లాంటానా పొదల కింద నెర్రె దొరికింది. పొడవు 11 మీటర్లు, వెడల్పు 12 మి.మీ. కర్ర గుచ్చితే 80 సెం.మీ. దిగింది. అటు ఇటు పెగ్గులు పాతాం, నాలుగు జతలు. రెండో జత మధ్య దూరం 2,004 మి.మీ. మూడుసార్లు కొలిచి సగటు, అర మిల్లీమీటరు దాకా.

అదే వారం టో ఊటకు బకెట్ పెట్టాం. పది లీటర్లు నిండడానికి 25 సెకన్లు, అంటే నిమిషానికి 24 లీటర్లు. జూన్ 5న పెద్దాయన తన కోసం చూసుకున్న లెక్కలో 62 సెకన్లు. ప్రవాహం పెరిగితే బకెట్ చాలదని ఇనుప రేకులో 90 డిగ్రీల వీ గాటు కోయించి కాలువకు అడ్డం పెట్టాం. గాటు మీద నీటి ఎత్తు 4 సెం.మీ. అయితే నిమిషానికి 26 లీటర్లు, 5 సెం.మీ. అయితే 46. ఎత్తును రేకు దగ్గర కాకుండా పావు మీటరు ఎగువన చూడాలి. గాటు దగ్గర నీళ్లు ఒంగుతాయి.

తర్వాత వచ్చిన వానకు, ఆగస్టు 30 నుంచి, కొలతలు ఇవి. వాన అంకె ఆ ఉదయం 8.30కి ముగిసిన 24 గంటలది:

ఆగస్టు 30: వాన 6 మి.మీ., పొర మీద నీళ్లు 0.62 మీ., ఊట నిమిషానికి 26 లీటర్లు, నెర్రె రెండో జత దూరం 2,014 మి.మీ.
ఆగస్టు 31: వాన 41, నీళ్లు 0.70, ఊట 26, నెర్రె 2,015.
సెప్టెంబరు 1: వాన 168, నీళ్లు 1.05, ఊట 28, నెర్రె 2,017.
సెప్టెంబరు 2: వాన 94, నీళ్లు 1.40, ఊట ఉదయం 28, నెర్రె 2,021.

మన గుట్ట మీద 168 మి.మీ. పడిన రోజు, 14 కిలోమీటర్ల దూరంలోని మండల కేంద్రంలో చాలా తక్కువ పడింది. మీ వానమాపకం మీ డంపు దగ్గరే ఉండాలి.

నన్ను భయపెట్టింది నీటిమట్టం ఒక్కటే కాదు. పొర మీద నీళ్లు రెట్టింపయ్యాయి, ఊట మాత్రం 26 నుంచి 28. లోపలికి పోయిన నీళ్లు బయటికి రావడం లేదు. ఎక్కడో దారి మూసుకుపోయింది.

నెర్రె వేగం రోజుకు 1, 2, 4 మి.మీ. వేగాన్ని తలకిందులు చేసి గీస్తే, అంటే 1, 0.5, 0.25, గీత సున్నాను తాకే రోజు జారే రోజుకు దగ్గర ఉంటుంది. 1985లో జపాన్ పరిశోధకుడు ఫుకుజోనో చెప్పిన పద్ధతి ఇది. చివరి రెండు చుక్కలు కలిపితే గీత సెప్టెంబరు 3 ఉదయాన్ని చూపింది. అర మిల్లీమీటరు టేపు తప్పుతో వేసిన గీతను కళ్లు మూసుకుని నమ్మలేం. కానీ కింద మనుషులున్నప్పుడు, ఆ గీత అబద్ధం కావాలని కోరుకుంటూనే నిజమనుకుని నడవాలి.

సెప్టెంబరు 1న హెచ్చరిక గీత దాటగానే యాజమాన్యానికి, సర్పంచ్‌కు ఫోన్ చేశాం. 2వ తేదీ ఉదయం కల్లా బండ్ల బాటకు రెండు వైపులా ముళ్లకంప అడ్డం వేశారు. పెద్దాయన కొట్టంలోంచి పశువులను విప్పుకుపోయాడు. ఆ టెన్షన్‌లో కూడా ఒక నియమం తప్పలేదు: నెర్రె దగ్గరికి ఇద్దరు, పైనుంచి చూస్తూ విజిల్‌తో ఒకరు, పది నిమిషాలు మించకూడదు, టో వైపు ఎవరూ నిలబడకూడదు. 2016 డిసెంబరు 29న జార్ఖండ్‌లోని రాజ్‌మహల్ ఓపెన్‌కాస్ట్ గనిలో ఓబీ జారి 23 మంది కార్మికులు పోయారు. డంపు కింద పని చేసిన ప్రతివాడికీ ఆ తేదీ గుర్తుండాలి.

2వ తేదీ సాయంత్రం 4 దాటాక, టో దగ్గరున్న రాతి గోడ ఉత్తరం చివర నుంచి నీళ్లు ఒక్కసారిగా బురదగా దూకాయి. గాటు మీద 6.2 సెం.మీ., నిమిషానికి 79 లీటర్లు. సీసాలో పట్టి రాత్రంతా ఉంచితే అడుగున 9 మి.మీ. బురద పేరింది. 3వ తేదీ నెర్రె 2,024. 4న 2,025.5, నీళ్లు 1.22 మీటర్లు. 7న 2,027. 10న నీళ్లు 0.80, ఊట తేరుకుంది.

గుట్ట నిలిచింది. పీ-2బీలో నీటిమట్టం ఈ నాలుగు రోజులూ 2 సెం.మీ. కూడా కదల్లేదు. పీ-1 డ్రై. ఆ ఒక్క పైపునే నమ్ముకుని ఉంటే సెప్టెంబరు 2న కొట్టంలో పశువులు కట్టేసి ఉండేవి, వాటి పక్కన మంచం మీద పెద్దాయన పడుకుని ఉండేవాడు.

ఇప్పటిదాకా: వాన 933 మి.మీ., నెర్రె మొత్తం విచ్చింది 23 మి.మీ., ఖర్చు రూ. 1,06,000.

## దశ 5: ఉత్తర నుంచి వేసవి దాకా (2024 సెప్టెంబరు – 2025 మే)

దారి మూసుకుపోయింది టో గోడలో. రాతి గోడకు నీళ్లు పోయే తూములు 40 ఉంటే 31 పూడిపోయాయి. వెనక రాళ్లకు బదులు నల్లమట్టి నింపి ఉంది. బెంచ్ మీద కూడా లోపం దొరికింది. మధ్యలో 18 సెం.మీ. కుంగి, 14 మీటర్ల పొడవున నీళ్లు నిలుస్తున్నాయి, నెర్రెకు ఎగువన.

మార్పులు, చేసిన వరుసలో:

1. నెర్రెను మీటరు లోతు తవ్వి, తడి బంకమట్టి పొరలుగా వేసి దిమ్మిసతో కొట్టడం. సిమెంటు పోయలేదు. నేల మళ్లీ కదిలితే సిమెంటు పగిలి నీళ్లకు దారిస్తుంది.
2. బెంచ్ గుంట నింపి, 200కు 1 వాలుతో లోపలి వైపు రాతి కాలువ.
3. తూములు శుభ్రం చేసి, గోడ వెనక జియోటెక్స్‌టైల్ గుడ్డ, దాని లోపల కంకర, రాళ్లు.

మూడో పనిలో పెద్ద తప్పు జరిగింది. గోడ వెనక ఒకేసారి 3 మీటర్లు మించి తవ్వవద్దని చెప్పాను కానీ రాసివ్వలేదు, ఆ రోజు నేను అక్కడ లేను. యంత్రం 9 మీటర్లు ఒకేసారి తవ్వింది. మధ్యాహ్నానికి రెండు మీటర్ల ఎత్తు మట్టి కూలింది. భోజనం వేళ కాబట్టి గుంతలో ఎవరూ లేరు. టో అంటే గుట్ట కాళ్లు. వాటిని ఎప్పుడూ కొద్దికొద్దిగానే తవ్వాలి: 3 మీటర్లు తవ్వి, అదే రోజు రాళ్లు నింపి, 3 మీటర్లు వదిలి, తర్వాతి ముక్క. ఇప్పుడు ఆ సూచన కాగితం మీద సంతకంతో ఉంది.

మట్టి పని యాజమాన్యం యంత్రాలతో జరిగింది, మా లెక్కలోకి రాదు. పీ-3 పేరుతో ఉత్తరం వైపు ఒక లోతు తక్కువ రంధ్రం మేం వేశాం, రూ. 9,900.

చలికాలంలో నీటి నాణ్యత మీద కూర్చున్నాం. ఊట పీహెచ్ 6.9, ఆమ్లం లేదు. కానీ ల్యాబ్‌లో సల్ఫేట్ లీటరుకు 610 మి.గ్రా. తేలింది. తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 ఇచ్చే గరిష్ఠ పరిమితి 400. ఈసీ నుంచి అంచనా వేస్తే కరిగిన లవణాలు సుమారు 1,380, అది 2,000 పరిమితిలోపే. ఈసీ మీటర్ ఒక్కటే చూసుంటే నీళ్లు పరవాలేదనుకునేవాళ్లం. టోకు 180 మీటర్ల దిగువన ఉన్న చేను బావిలో ఈసీ జూన్‌లో 980, డిసెంబరులో 1,340. గుట్ట నీళ్లు అక్కడికి చేరుతున్నాయి, నెలలు ఆలస్యంగా. ఆ బావి నీళ్లు కూలీలు తాగుతున్నారు. ఫలితం తెచ్చిన రోజే బావి దగ్గర బోర్డు పెట్టించాం, కూలీలకు ఊరి నుంచి క్యాన్లు వస్తున్నాయి.

ఇప్పటిదాకా: రంధ్రాలు 5, పనిచేసేవి 3, 2024 జూన్–సెప్టెంబరు వాన 1,064 మి.మీ., ఖర్చు రూ. 1,15,900.

## దశ 6: రెండో వానాకాలం (2025 జూన్ – అక్టోబరు)

వాన మొత్తం 988 మి.మీ. ఒక్క రోజు ఎక్కువ పడింది 121. ఆ రోజు పొర మీద నీళ్లు 0.50 మీటర్లు, ఇదే ఈ ఏడు గరిష్ఠం. లెక్కలో గుణకం 1.12. ఊట ఐదు గంటల్లో 22 నుంచి 51 లీటర్లకు లేచింది, నీళ్లు తేటగా ఉన్నాయి. పూడ్చిన నెర్రె పెగ్గుల మధ్య కదలిక నాలుగు నెలల్లో 2 మి.మీ.

168 మి.మీ. లాంటి రోజు ఈ ఏడు రాలేదు. కాబట్టి మందు పనిచేసిందని ఇప్పుడే రాయను.

కొత్తగా ఒక ఇబ్బంది. అడవి పందులు టో దగ్గర వేళ్ల కోసం తవ్వి రెండు తూములను మళ్లీ మట్టితో మూసేశాయి. ఆగస్టు 19న ఊట తగ్గడం చూసి పెద్దాయనే కనిపెట్టాడు, గడ్డపారతో తీశాడు. ఇనుప జాలీ బిగించాం.

స్వాతి కార్తె, అక్టోబరు 26. లాగర్ కాలేజీకి తిరిగి ఇవ్వాల్సి వచ్చింది. వచ్చే వానాకాలానికి తీగ, బకెట్, గాటు రేకు, టేపు మాత్రమే ఉంటాయి. చివరి రీడింగులు: పీ-2ఏ 0.21 మీ., పీ-3 0.14 మీ., నెర్రె మారలేదు. ఊట రాసేటప్పుడు పెన్ను పెద్దాయన చేతిలో ఉంది. పది లీటర్లకు 41 సెకన్లు. ఆయన గడియారం చూసి, బకెట్ ఒంపి, ఇంకోసారి పట్టాడు. మళ్లీ 41. అప్పుడే పుస్తకంలో రాశాడు.